గణకయంత్ర నిర్మాణాలు: వర్గీకరణ, తారతమ్య విచారణ

శ్రీహరికోట నుండి 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అను చిన్న పరిశోధక రాకెట్టు ఎగిరినది మొదలుకొని, పులికాటుకు ఈవలి ఒడ్డున ఉన్న దొరవారిసత్రం, సూళ్లూరుపేట ప్రాంతాల వారికి ఆకాశంలో పొగచార చూచుట అలవాటైన విషయం. నేలపట్టు చెట్లమీది గూడబాతులకు కూడ ఆ ఉరుము పరిచితమే. అయితే ఆ రాకెట్టును దారి తప్పకుండ నడిపించునది దానిలోపల ఇమిడియున్న గణకయంత్రమని ఎరిగినవారు కొందరే. ఆ యంత్రం, కళాశాల ప్రయోగశాలలో బల్లమీద ఉన్న యంత్రం, విద్యార్థి చొక్కాజేబులోని ఫోనులో దాగిన యంత్రం, ఈ మూడును కంప్యూటర్లే. మూడును ఒకే జాతివా? కాకున్నచో ఏ విధంగా భిన్నమైనవి? వానిలో ఏది మేలైనది? ఈ ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు బోధించువానికి గణకయంత్రాలతో పని యేమని కొందరికి తోచవచ్చును. వర్గీకరణం వ్యాకరణం చదివినవానికి నిత్యకృత్యమే గదా! చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో పదాలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు విధాలుగా విభజించినాడు. ఇది పుట్టుకను బట్టి చేసిన విభాగం. ‘ఆకాశము’ అను పదం పుట్టుకను బట్టి తత్సమం. లింగాన్ని బట్టి అమహద్వాచకం. ఒకే పదం రెండు పట్టికలలో రెండు చోట్ల నిలిచినది. ఇందులో వైరుధ్యం లేదు. అడిగిన ప్రశ్న వేరు గనుక సమాధానం వేరైనది. గణకయంత్రాల విషయంలోను ఇంతే. “ఇది ఏ రకం కంప్యూటరు?” అని అడిగినవానిని, “ఏ దృష్టితో అడుగుచున్నావు?” అని తిరిగి అడుగవలసి యున్నది.

ముందుగా ‘నిర్మాణం’ అను మాటకు అర్థం నిర్ణయించుకొందము. ఇల్లు కట్టు విద్యకు చెందిన ఈ మాటను గణకయంత్రాలకు స్థిరంగా అన్వయించినవారు అమెరికాలోని ఐ.బి.యం. సంస్థకు చెందిన ఆమ్‌డాల్, బ్లావ్, బ్రూక్స్ అను ముగ్గురు. 1964 ఏప్రిల్ 7న ఆ సంస్థ సిస్టమ్/360 అను పేర ఆరు నమూనాలను ఒకేసారి ప్రకటించినది. అందులో చిన్నది మెల్లగా పనిచేయును, పెద్దది అనేక రెట్లు వేగంగా పనిచేయును. లోపలి తీగెల అమరిక దేనికదే వేరు. అయినను ఒకదానికి వ్రాసిన ప్రోగ్రాము మరొకదానిపై కూడ నడచును. అనగా, ప్రోగ్రాము వ్రాయువానికి కనబడు స్వరూపం ఒకటి, దానిని లోపల నెరవేర్చు పద్ధతి మరొకటి. యంత్రం ఏయే ఆదేశాలను గ్రహించును, ఎన్ని బిట్ల సంఖ్యతో లెక్క చేయును, మెమరీని ఎట్లు సంబోధించును అనునదే నిర్మాణం. గడియారం ముఖం చూచి కాలం తెలిసికొనుటకు లోపల ఉన్నది స్ప్రింగో బ్యాటరీయో తెలియనక్కరలేదు. అటువంటిదే ఈ భేదం. దీనిని మరచినవారే సాధారణంగా వేగాన్ని నిర్మాణంతో కలగాపులగం చేయుదురు.

అన్నింటికంటె సులభమైన వర్గీకరణ పదపరిమాణాన్ని బట్టి చేయునది. దీనికి ఉదాహరణ కొరకు విదేశాలకు పోనక్కరలేదు. 1967లో హైదరాబాదులో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఇ.సి.ఐ.ఎల్.) మనకు చాలును. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు దాని వ్యవస్థాపకులు. ట్రాంబే అణుపరిశోధన కేంద్రంలో రూపొందిన టి.డి.సి.-12 అను యంత్రం ఆ సంస్థ ద్వారా వెలువడినది, తరువాత టి.డి.సి.-312, టి.డి.సి.-316, సిస్టమ్-332 వచ్చినవి. ఆ పేర్లలోని చివరి రెండు అంకెలను గమనింపుడు: 12, 16, 32. అవే పదపరిమాణాలు. పన్నెండు బిట్లతో వేర్వేరుగా గుర్తింపదగినవి 4,096. పదునారు బిట్లతో 65,536. ముప్పదిరెండు బిట్లతో సుమారు 429 కోట్లు. బిట్లు రెండున్నర రెట్లకు పైగా పెరిగినవి, గుర్తింపగల గదులు పది లక్షల రెట్లు పెరిగినవి. చదరంగపు గళ్లలో గింజలు రెట్టింపు చేయుచు పోసిన కథ తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు.

రెండవ దృష్టి, ఆదేశాలు ఎక్కడ ఉన్నవి అనునది. హార్వర్డులో 1944లో పనికి వచ్చిన మార్క్-1 యంత్రంలో ఆదేశాలు చిల్లులు పొడిచిన కాగితపు పట్టీమీద ఉండెడివి. లెక్కింపవలసిన సంఖ్యలు మరొక చోట ఉండెడివి. 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ పేర వెలువడిన నివేదికలో ఆదేశాలను, దత్తాంశాలను ఒకే మెమరీలో ఉంచు పద్ధతి వివరింపబడినది. నేటి ప్రాసెసర్లు ఈ రెండింటిని కలిపి వాడును: పెద్ద మెమరీ ఒకటే, కాని ప్రాసెసరునకు ఆనుకొనియున్న చిన్న నిలువలలో ఆదేశాలకు ఒక అర, దత్తాంశాలకు ఒక అర.

మూడవది మైకేల్ ఫ్లిన్ 1966లో ప్రతిపాదించిన విభాగం. పాఠ్యపుస్తకాలలో అన్నింటికంటె ప్రసిద్ధమైనది ఇదే. ఆదేశాల ప్రవాహం ఒకటా, అనేకమా? దత్తాంశాల ప్రవాహం ఒకటా, అనేకమా? ఈ రెండు ప్రశ్నలకు వచ్చు సమాధానాలను కలిపిన నాలుగు వర్గాలు ఏర్పడును. మన ఊరి పేరులోనే సత్రం ఉన్నది గనుక వంటశాలనే ఉదాహరణగా గైకొందము. ఒక వంటవాడు, ఒక పొయ్యి, ఒక వంటకం: ఇది ఏకాదేశ ఏకదత్తాంశ వర్గం. పూర్వకాలపు యంత్రాలు చాలావరకు ఇటువంటివే. ఇక పెండ్లినాడు పది డేగిశాలు వరుసగా పెట్టి, పెద్ద వంటమేస్త్రీ ఒకడు నిలబడి “ఉప్పు వేయండి” అనగానే పదిమందియు ఒకేసారి ఉప్పు వేసినచో అది ఏకాదేశ బహుదత్తాంశ వర్గం. వరినాట్లలో బారుగా నిలిచిన కూలీలు ఒకే పాటకు ఒకే అడుగు వెనుకకు వేయుట కూడ ఇట్టిదే. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఇలియాక్-4 యంత్రంలో 64 గణనాంగాలు ఈ విధంగా ఒకే ఆజ్ఞకు లోబడి పనిచేసినవి.

ఈ వర్గంవలన మన తీరానికి గల ప్రయోజనం చెప్పక తప్పదు. 1984 నవంబరులో శ్రీహరికోట సమీపాన తీరం దాటిన తుపాను వంటిది రేపు ఎటు పోవునో లెక్కించుటకు, ఆకాశాన్ని వేలకొలది గళ్లుగా విభజించి ప్రతి గడిలోను గాలి, పీడనం, తేమల లెక్క చేయవలెను. లెక్క ఒకటే, గళ్లు అనేకం. అందుచేతనే 1976 నాటి క్రే-1 వంటి సదిశ యంత్రాలు, అనగా ఒక ఆదేశంతో సంఖ్యల వరుసనంతటిని నడిపించు యంత్రాలు, వాతావరణ శాస్త్రజ్ఞులకు ప్రీతిపాత్రమైనవి. 1980ల చివర మన దేశం పెద్ద క్రే యంత్రాన్ని కోరగా, సుదీర్ఘమైన సంప్రదింపుల పిమ్మట అమెరికా వాతావరణ పరిశోధనకై ఎక్స్-ఎం.పి./14 అను చిన్నదానిని మాత్రమే ఇచ్చినది. అది ఢిల్లీలో ప్రతిష్ఠింపబడినది. 1988లోనే పుణెలో సి-డాక్ సంస్థ నెలకొన్నది. 1991లో పరమ్ 8000 వెలువడినది. అది క్రే పద్ధతికి అనుకరణ కాదు. ట్రాన్స్‌ప్యూటర్లను అనేకంగా కూర్చి, ప్రతిదానికి దాని ఆదేశాలు, దాని మెమరీ ఇచ్చి, ఒకదానితో ఒకటి సందేశాలు పంపుకొనునట్లు చేసినారు. ఇది ఫ్లిన్ చెప్పిన నాల్గవ వర్గం, బహ్వాదేశ బహుదత్తాంశం. ఒక మహాగాయకుడు దొరకనపుడు బృందగానం ఏర్పాటు చేసినట్లు! హైదరాబాదు కంచన్‌బాగులోని అనురాగ్ ప్రయోగశాల విమానాల చుట్టు గాలి ప్రవాహాన్ని లెక్కించుటకు రూపొందించిన ‘పేస్’ యంత్రం కూడ ఇటువంటి సమాంతర గణనానికి చెందినదే.

నాల్గవ వర్గంలో మరల రెండు శాఖలు కలవు. పరమ్‌లో వలె ఎవరి మెమరీ వారిదిగా ఉండుట ఒకటి. అందరును ఒకే మెమరీని పంచుకొనుట మరొకటి. ఈ రెండవదానికి ప్రసిద్ధమైన తొలి ప్రయత్నాలలో ఒకటి 1970లలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జరిగినది. 16 చిన్న కంప్యూటర్లను ఒక పెద్ద కూడలి ద్వారా ఉమ్మడి మెమరీకి కలిపి సి.ఎం.ఎం.పి. అని పేరు పెట్టినారు. అదే విశ్వవిద్యాలయంలో మనిషి మాటను యంత్రం గ్రహించుటపై పరిశోధన నడుపుచుండినవారు మన పొరుగువారే: శ్రీకాళహస్తి ప్రాంతంలోని కాటూరులో 1937లో జన్మించి, 1994లో ట్యూరింగు పురస్కారం అందుకొన్న దబ్బాల రాజగోపాల్ రెడ్డిగారు. రాజ్ రెడ్డి అన్నచో లోకమంతయు ఎరుగును. ఆ బృందానికి చెందిన హియర్సే ప్రోగ్రామును ఈ బహుయంత్రంపై కూడ నడిపి పరీక్షించినారు. విన్న మాటను ఒకరు ధ్వనిగా, ఒకరు పదంగా, ఒకరు వాక్యంగా ఏకకాలంలో ఊహించుట వంటి పనికి అందరికి కనబడు ఒక ఉమ్మడి పలక ఉండుట అనుకూలం గదా. కంప్యూటర్ల నిర్మాణాలను క్రమబద్ధంగా వర్ణించి పోల్చిన బెల్, న్యూయెల్‌ల 1971 నాటి బృహద్గ్రంథం కూడ ఆ విశ్వవిద్యాలయం చలువయే.

మూడవ వర్గాన్ని దాటి వచ్చితిని. అది అనేకాదేశాలు, ఒకే దత్తాంశం. ఈ గది దాదాపు ఖాళీగా ఉన్నది. ఒకే లెక్కను మూడు యంత్రాలచే చేయించి అధికసంఖ్యాకుల సమాధానాన్ని స్వీకరించు పద్ధతిని కొందరు ఇందులో చేర్తురు. నాకది సమంజసంగా తోచదు. అక్కడ మూడింటికి ఇచ్చు ఆదేశాలు సాధారణంగా ఒకటే గనుక, అది పని విభజన కాక సాక్ష్యాల సేకరణ అగుచున్నది. పట్టికలో గడి ఉన్నది గదా అని బలవంతంగా నింపవలసిన పని లేదు.

ఇక నా మనస్సునకు మిక్కిలి నచ్చిన విభాగానికి వచ్చుచున్నాను. 1977లో వెలువడిన వ్యాక్స్-11/780 యంత్రానికి రెండువందలకు పైగా ఆదేశాలు ఉండెడివి. అందులో ఒకటి బీజగణితంలోని బహుపది విలువను ఒక్క ఆదేశంతో లెక్కించునది! మన సమాసం వంటిది. నాలుగు పదాల అర్థం ఒక పదంలో ఇమిడియుండును. మెమరీ ఖరీదైన రోజులలో ప్రోగ్రాము పొట్టిగా ఉండుట గొప్ప లాభం. దీనిని క్లిష్టాదేశ పద్ధతి అందురు. దానికి ప్రతిగా 1970ల మధ్యలో ఐ.బి.యం.లో జాన్ కాక్, 1980 ప్రాంతాన బర్క్‌లీలో ప్యాటర్సన్, స్టాన్‌ఫర్డులో హెన్నెసీ మరొక మార్గం తొక్కినారు. సమాసం వద్దు, విగ్రహవాక్యం చాలునన్నారు. ఆదేశాలు కొద్ది, ప్రతిది సరళం, అన్నియు ఒకే పొడవు. ఇది మితాదేశ పద్ధతి.

ఒకే పొడవుగా ఉన్నందువలన లాభమేమి? ఛందస్సు చదివిన విద్యార్థికి ఇది ఒక్క నిమిషంలో బోధపడును. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. యతిస్థానం పదవ అక్షరం. అర్థం తెలియకున్నను, గురులఘువులు గుర్తింపకున్నను, వ్రేళ్లతో లెక్కించి పదవ అక్షరాన్ని చూపవచ్చును. తేటగీతిలో అట్లు కాదు. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. నాల్గవ గణం మొదటి అక్షరం యతి. సూర్యగణం రెండక్షరాలదో మూడక్షరాలదో కావచ్చును. ఇంద్రగణం మూడో నాలుగో కావచ్చును. కనుక యతి తొమ్మిదవ అక్షరం మొదలు పన్నెండవ అక్షరం వరకు ఎక్కడనైనను పడవచ్చును. మొదటి గణాన్ని విడదీసిన గాని రెండవది ఎక్కడ మొదలగునో తెలియదు. వ్యాక్స్ ఆదేశం ఒక బైటు మొదలు యాభై బైట్లకు పైగా ఉండవచ్చును. అది తేటగీతి వంటిది. మితాదేశ యంత్రంలో ప్రతి ఆదేశం 32 బిట్లు, అది వృత్తం. ఒక ఆదేశాన్ని విప్పుచుండగనే దాని తరువాతిది ఎక్కడ మొదలగునో యంత్రానికి ముందే తెలియును గనుక, దానిని కూడ తెచ్చుకొని పని మొదలుపెట్టును. ఒకటి వడ్డించుచుండగా ఒకటి వండుచు, మరొకదానికి కూరలు తరుగుచుండు ఈ వరుస పద్ధతికే పైప్‌లైను అని పేరు.

అయితే తేటగీతిని తక్కువ చేసినట్లు ఎవరును భావింపవలదు. క్లిష్టాదేశ వర్గానికి చెందిన ఇంటెల్ యంత్రాలు నశింపలేదు. 1995 నాటి పెంటియం ప్రో మొదలుకొని అవి బయటినుండి వచ్చిన క్లిష్టమైన ఆదేశాన్ని లోపల చిన్న చిన్న సరళాదేశాలుగా విడగొట్టుకొని నడుపుకొనుచున్నవి. బయటికి సమాసం, లోపల విగ్రహవాక్యం! నిర్మాణం వేరు, నెరవేర్పు వేరు అని మొదట చెప్పిన మాట ఇక్కడ సార్థకమైనది. ఫోనులలోని ఆర్మ్ జాతి ప్రాసెసర్లు పుట్టుకతో మితాదేశ పద్ధతివి.

మన సంచికకు ప్రత్యేకంగా తగిన భేదం మరొకటి కలదు. ఈ పత్రికలో తెలుగు భాగం ఎడమనుండి, ఉర్దూ భాగం కుడినుండి తెరచుకొనును, కుట్టు ఒకటే. 1986 అను సంఖ్యను రెండు బైట్లలో ఉంచినచో ఒక బైటులో 7, రెండవదానిలో 194 ఉండును. ఏడు ఇన్నూట యాభైయారులు, పైన నూట తొంబదినాలుగు. మెమరీలో ముందు గదిలో 7 ఉంచు యంత్రాలు కొన్ని, 194 ఉంచు యంత్రాలు కొన్ని. సిస్టమ్/360 మొదటి తెగ, ఇంటెల్ రెండవ తెగ. ఒకదాని వ్రాత మరొకటి సరిచూచుకొనక చదివినచో 1986 కాస్త 49,671 అగును. ఏ కొన మొదట అను ఈ తగవుకు, గుడ్డును ఏ కొనన పగులగొట్టవలెనని యుద్ధమాడిన గలివరు కథలోని వారి పేర్లను 1980లో డానీ కోహెన్ పెట్టినాడు. ఉర్దూ లిపి కుడినుండి ఎడమకు సాగినను, అంకెలు వ్రాయునపుడు పెద్ద స్థానం ఎడమవైపే ఉండుట మన మిత్రులు గమనించియే ఉందురు. ఒకే పుటలో రెండు దిక్కులును పొసగినవి.

ఇక పోలిక. వర్గీకరించుట తేలిక, పోల్చుట కష్టం. అంగడివాడు గడియారపు వేగం ఒక్కటే చెప్పును. ఒక పని పూర్తియగుటకు పట్టు కాలం మూడింటి లబ్ధం: ఎన్ని ఆదేశాలు, ఒక్కొక్క ఆదేశానికి ఎన్ని గడియారపు అడుగులు, ఒక అడుగుకు ఎంత కాలం. ‘క’ అను యంత్రం ఒక పనిని 8 కోట్ల ఆదేశాలతో, సెకనుకు 4 కోట్ల చొప్పున చేసినదనుకొందము; రెండు సెకన్లు పట్టును. ‘ఖ’ అను యంత్రం సెకనుకు 8 కోట్ల ఆదేశాలు నడుపును. కాని అవి సరళమైనవి గనుక అదే పనికి 12 కోట్లు కావలెను. ఒకటిన్నర సెకను పట్టును. ‘ఖ’ రెట్టింపు వేగమని ప్రకటన చెప్పును. మనకు మిగిలినది అర సెకను మాత్రమే.

అనేక ప్రాసెసర్లు ఉన్నవను ప్రలోభానికి కూడ హద్దు ఉన్నది. దీనిని ఆమ్‌డాల్ 1967లో చెప్పినాడు. ఒక వంటకు నూరు నిమిషాలు పట్టుననుకొనుడు. అందులో పొయ్యి రాజేయుటకు పట్టు పది నిమిషాలు ఎంతమంది ఉన్నను తగ్గవు. మిగిలిన తొంబది నిమిషాల పనిని తొమ్మిదిమంది పంచుకొన్నచో మొత్తం ఇరువది నిమిషాలు. అయిదు రెట్లు వేగం. తొంబదిమంది వచ్చినను పదకొండు నిమిషాలు. లోకమంతయు వచ్చినను పది నిమిషాలకు తగ్గదు. కళాశాల కమిటీ పెద్దలు ప్రయోగశాలకు యంత్రాలు కొనునపుడు ప్రాసెసర్ల సంఖ్యను చూచి మురిసిపోక, మన విద్యార్థులు నిజంగా నడుపు ప్రోగ్రామును ఆ యంత్రంపై ఒకసారి నడిపించి గడియారం చూడవలెనని నా మనవి. ఆ డబ్బులో కొంత మెమరీకి వెచ్చించినచో తరచు ఎక్కువ ఫలం దక్కును.

రాకెట్టులోని కంప్యూటరు సంగతి మిగిలియున్నది. ఇస్రో ప్రయోగ వాహనాలలో 2009 నుండి విక్రమ్ 1601 అను 16 బిట్ల ప్రాసెసరు పనిచేసినది. దాని పెద్ద తమ్ముడు విక్రమ్ 3201, 32 బిట్లది. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుండి వెళ్లిన పి.ఎస్.ఎల్.వి.-సి60లో అంతరిక్షంలో పరీక్షకు నిలిచినది. దానితోపాటు 2025 మార్చిలో కల్పన 3201 అను మరొకటి ఇస్రోకు అందినది. రెండును 32 బిట్లవే. రెండును మొహాలీలోని ఒకే కర్మాగారంలో, 180 నానోమీటర్ల పద్ధతిలోనే తయారైనవి. మన జేబులోని ఫోనులతో పోల్చిన ఇది పాతకాలపు పద్ధతి. అయినను రాకెట్టుకు కావలసినది అమిత వేగం కాదు. ఎండకు, చలికి, కిరణాలకు తట్టుకొని, చెప్పిన క్షణానికి తప్పక సమాధానం ఇచ్చుట.

పదపరిమాణం, తయారీ ఒకటే అయినపుడు ఈ రెండింటికి భేదమెక్కడ? ఆదేశ సముదాయంలో. విక్రమ్ ఆదేశాలు ఇస్రో తనకై తాను రూపొందించుకొన్నవి. ఎవరి అనుమతియు అక్కరలేదు, ఎవరును ఆపలేరు. కాని ఆ భాష లోకంలో మరెవరికిని రాదు గనుక, ఏడా భాషకు కంపైలరు, అసెంబ్లరు మొదలైన పరికరాలన్నింటిని ఇస్రో వారే వ్రాసికొనవలసివచ్చినది; విక్రమ్ 3201ను ప్రకటించిననాటికి సి భాషా కంపైలరు ఇంకను తయారీలో ఉన్నది. కల్పన స్పార్క్ వి8 అను బహిరంగ ప్రమాణాన్ని అనుసరించినది, మితాదేశ జాతి. దానికి స్వేచ్ఛగా లభించు పరికరాలు లోకంలో ముందే ఉన్నవి. మూడవ మార్గం కూడ తెరచియున్నది. బర్క్‌లీలో 2010లో మొదలైన రిస్క్-5 అను ఆదేశ సముదాయాన్ని ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చును. మద్రాసు ఐ.ఐ.టి. వారి శక్తి ప్రాసెసర్లు దానినే అనుసరించినవి. ఆ శక్తి ఆధారంగా అంతరిక్ష అవసరాలకై ఐరిస్ అను చిప్పును 2025లో ఇస్రోతో కలిసి వెలువరించినారు.

తనకే చెందిన భాషయా, పదిమంది మాటలాడు భాషయా అను ఈ ప్రశ్నను రెండు భాషల కళాశాలలో చదువుకొను మన విద్యార్థులకు వివరించి చెప్పనక్కరలేదు. మొదటిదానిలో స్వాతంత్ర్యం ఎక్కువ, చాకిరి ఎక్కువ. రెండవదానిలో సహాయం ఎక్కువ, అది ఇతరుల నిర్ణయాలకు లోబడియుండును. ఇస్రో వారు ప్రస్తుతం రెండింటిని ఉంచుకొన్నారు. అది వివేకమనియే నా అభిప్రాయం. శక్తికి సంబంధించిన రూపకల్పన పత్రాలు ఎవరైనను చూచునట్లు బహిరంగంగా ఉన్నవి. భౌతికశాస్త్రం, గణితం చదువు విద్యార్థులు నలుగురు కలిసి ఒక వేసవి సెలవులలో రిస్క్-5 ఆదేశాలను కాగితంపై నేర్చుకొని, రెండు సంఖ్యలను కూడి మెమరీలో దాచు చిన్న ప్రోగ్రామును వ్రాయవచ్చును. దానికి యంత్రం కూడ అక్కరలేదు. గళ్ల నోటుపుస్తకం చాలును.